మనుషులు ఎక్కరాదు

పోతమ్మ చనిపోయిన మర్నాడు పొద్దున్నే సైటుకి బోర్డు వచ్చింది.

ఆటో వెనక సీట్లో పెట్టుకుని, పైన పాత దుప్పటి కప్పి తెచ్చారు. పసుపు రేకు మీద ఎర్రటి అక్షరాలు: ‘సామాను లిఫ్టు. మనుషులు ఎక్కరాదు.’ పక్కనే నల్లటి మనిషి బొమ్మ, దాని మీద అడ్డంగా ఎర్రగీత. రంగు ఇంకా తడి ఆరలేదు. సూపర్‌వైజరు శ్రీరామ్మూర్తి దాన్ని అంచులు పట్టుకుని దించి గోడకి ఆనించాడు. బొటనవేలికి అంటిన ఎరుపుని ఓ ఇటుక మీద రాసి తుడుచుకున్నాడు.

వాసు లిఫ్టు మోటారు పక్కన తన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. గోపాలపట్నంలో మెయిన్‌రోడ్డుకి కొంచెం లోపలగా లేస్తున్న ఆ అపార్ట్‌మెంటుకి ఇసుకా, సిమెంటూ, ఇటుకలూ పైకి చేర్చేది అతనే. లిఫ్టంటే గదీ తలుపులూ ఉన్నది కాదు. భవనం బయట నిలబెట్టిన ఇనప స్తంభాల మధ్య ఒక బల్ల, దానికి ఉక్కు తాడు, కింద ఆ తాడు చుట్టుకునే డ్రమ్ము, ఒక మీట. మీట లాగితే బల్ల పైకి వెళ్తుంది. వదిలితే బ్రేకు పట్టుకుని అది ఉన్నచోటే ఆగాలి.

ముందురోజు భోజనాలయ్యాక ఆగలేదు. కూలీ పోతమ్మ సిమెంటు మాలు తట్టలతో సహా బల్ల ఎక్కింది. మెట్ల మీద సెంట్రింగు చెక్కలు అడ్డదిడ్డంగా పడి ఉన్నాయి. పైన తాపీమేస్త్రీలు చేతులు కట్టుకుని నిలబడ్డారు. మాలు గట్టిపడిపోతోందని శ్రీరామ్మూర్తి పైనుంచి కేకలేస్తున్నాడు. ఆమె ఎక్కింది, వాసు మీట లాగాడు. రోజూ ఎవరో ఒకరు అలాగే ఎక్కేవారు, అతను అలాగే లాగేవాడు. పైదాకా వెళ్ళి ఆగినట్టే ఆగిన బల్ల ఒక్కసారి జారింది. వాసు మీట మీద ఒళ్ళంతా బరువేసి పడ్డాడు. డ్రమ్ము తిరుగుతూనే ఉంది. తర్వాత దుమ్ము లేచింది. ఆ దుమ్ములోంచి మాలు చిమ్ముకొచ్చి అతని పాదాల మీద పడింది.

ఆసుపత్రికి చేర్చేలోపే ప్రాణం పోయింది. పోలీసులు వచ్చి, చూసి, రాసుకుని, ఇక్కడ ఏదీ ముట్టుకోవద్దని చెప్పి వెళ్ళారు. వాళ్ళు అటు వెళ్ళగానే మెకానిక్కు వచ్చి కొత్త బ్రేకు షూలు వేశాడు. అరిగి నున్నబడ్డ పాతవాటిని సంచిలో పడేసుకుని పట్టుకుపోయాడు. అతను బోల్టులు విప్పుతుంటే పక్కన కూర్చుని స్పానర్లు అందించింది వాసే.

బ్రేకు సరిగా పట్టడం లేదని వాసుకి కొన్నాళ్ళుగా తెలుసు. ఒకసారి శ్రీరామ్మూర్తితో అన్నాడు కూడా. స్లాబు పని అవనీ, చూద్దాం అన్నాడాయన. వాసు మళ్ళీ అడగలేదు. బల్ల పైన ఆగినప్పుడల్లా మీట కింద ఒక చెక్కముక్క దోపి పని నెట్టుకొచ్చాడు. ఆ సంగతి వాళ్ళిద్దరికీ తప్ప సైటులో ఇంకెవరికీ తెలియదు.

ఇప్పుడు బోర్డు ముందు నిలబడి ఇంజనీరు సాయిశంకర్ ఫోనులో మాట్లాడుతున్నాడు. మాట్లాడుతూనే బోర్డు వంక చూపుడువేలు ఆడించి, కొత్తగా ఉంది అన్నట్టు మొహం పెట్టి, గేటు వైపు వెళ్ళిపోయాడు. మిగతాది శ్రీరామ్మూర్తి చెప్పాడు.

“ఒరే వాసూ, ఇది మొదట్నుంచీ ఇక్కడే ఉన్నట్టుండాల.”

వాసు లేచాడు. బకెట్లో సిమెంటు పల్చగా కలిపి, గోనెసంచి ముక్క ముంచి, అక్షరాల మీద అద్దాడు. ఎండకి ఆరనిచ్చి అరచేత్తో రుద్దాడు. కొన్నిచోట్ల రాలింది, కొన్నిచోట్ల నిలిచింది. ఇసుక గుప్పెడు తీసి అంచుల వెంట గట్టిగా రాశాడు. ఒక మూల సుత్తితో కొంచెం వంచాడు. పని మీద పడ్డాక అతనికి ఇంకేమీ వినబడలేదు. శ్రీరామ్మూర్తి బోర్డు కట్టడానికని వైరు చుట్ట ఇచ్చాడు. వాసు దాన్ని వెలుతురుకి తిప్పి చూసి వెనక్కి ఇచ్చేశాడు.

“కొత్త వైరు మెరుస్తాదండి. అగుపడిపోద్ది,” అన్నాడు.

ఆ మాట ఎవరూ అతన్ని అడగలేదు. తనంతట తనే వెళ్ళి తుక్కు కుప్పలో వెతికి తుప్పుపట్టిన కట్టుతీగ తెచ్చాడు. స్తంభానికి కంటి ఎత్తులో బోర్డు పెట్టి, తీగ రెండు పేటలుగా చుట్టి, కటింగు ప్లయరుతో మెలితిప్పి, కొసలు లోపలికి మడిచాడు. నాలుగడుగులు వెనక్కి వేసి చూశాడు. ఎన్నో వానలకి తడిసి ఎండిన బోర్డులా ఉంది. నీ చేతిలో పనుందిరా అన్నాడు శ్రీరామ్మూర్తి. పని బాగా కుదిరినప్పుడు మనసుకి కలిగే తృప్తి ఒకటి వాసుకి కలిగింది. అది కలిగిందని తెలిసింది కూడా. దాని వెనక ఇంకేదైనా వస్తుందేమోనని కాసేపు అలాగే నిలబడ్డాడు. ఏమీ రాలేదు.

సాయంత్రం బస్సు దిగి వన్ టౌన్ సందులోకి నడిచాడు. భార్య అనూరాధ హార్బరు నుంచి అప్పటికే వచ్చేసి, అమ్ముడవగా మిగిలిన ఎండు నెత్తళ్ళ చేపల్ని చేటలో పోసి ఏరుతోంది. సైటులో మనిషి పోయిందన్న కబురు ముందురోజే ఆమెకి తెలుసు. నిన్నెవరైనా ఏమైనా అన్నారా అని అడిగింది. లేదన్నాడు. ఆ మనిషికి పిల్లలున్నారా అని అడిగింది. పెళ్ళయిన కూతురు ఉందనుకుంటా, చెల్లెలు జోగమ్మ కూడా మా సైటులోనే చేస్తాది అని చెప్పాడు. వాళ్ళు గజపతినగరం వైపు పల్లెవాళ్ళని, పొలం లేక పనికొచ్చారని, శవాన్ని సొంతూరికి తీసుకెళ్ళారని చెప్పాడు. బజార్లో ఏ కూర దొరికిందో చెప్పినట్టే చెప్పాడు.

అన్నం పెట్టింది. తిన్నాడు. ఇంకొంచెం పులుసు వెయ్యమన్నాడు. అనూరాధ గరిటె చేత్తో పట్టుకుని, వెయ్యకుండా అతని వేళ్ళ వైపు చూసింది.

“ఏటి ఆ ఎరుపు?”

“రంగు,” అన్నాడు వాసు.

ఆమె పులుసు వేసింది. అతను తినడం పూర్తి చేసి, పడుకుని, వెంటనే నిద్రపోయాడు.

తనిఖీకి కార్మిక శాఖ ఆఫీసరు వచ్చే రోజు పొద్దున స్టోరు గది తాళం తీశారు. హెల్మెట్లూ, నడుం బెల్టులూ బయటికి వచ్చాయి. చాలావాటికి ప్లాస్టిక్ కవర్లు ఇంకా ఉన్నాయి, గబగబా చింపి అందరికీ పంచారు. ఎవరి తలకీ ఏదీ సరిపోలేదు. బెల్టు కొక్కెం ఎక్కడ తగిలించాలని ఓ తాపీమేస్త్రీ అడిగితే, ప్రస్తుతానికి నడుముకి కట్టుకో చాలన్నాడు శ్రీరామ్మూర్తి. మెట్ల మీది చెక్కలన్నీ ఒక్క పూటలో మాయమయ్యాయి. తీయడానికి అంతసేపే పట్టింది.

ఆఫీసరు పేరు జ్యోతిర్మయి. చిన్న వయసు. ఎవరూ చెయ్యి అందించకముందే మెట్లన్నీ ఎక్కి, పై అంతస్తు దాకా వెళ్ళి దిగొచ్చింది. చీర కుచ్చిళ్ళకి అంటిన సున్నం దులుపుకోలేదు. లిఫ్టు నడిపి చూపించమంది. వాసు ఇటుకలు వేసి బల్లని పైకి పంపి, మీట వదిలాడు. కొత్త బ్రేకు టక్కున పట్టింది. ఇంకోసారి అంది. ఇంకోసారీ పట్టింది.

తర్వాత ఆమె బోర్డు ముందు నిలబడింది. చాలాసేపే నిలబడింది. సాయిశంకర్ ఏదో వివరించబోతే చేత్తో ఆగమని వాసుని పిలిచింది.

“ఈ బోర్డు ఎప్పట్నుంచి ఉంది?”

“మొదట్నుంచీ ఉన్నాదండి.”

“నీకు చదవడం వచ్చా?”

“వచ్చండి.”

“మరి ఇది చదివి కూడా ఆమెని ఎక్కించావా?”

మొదటి ప్రశ్నకి జవాబు శ్రీరామ్మూర్తి అతనికి రెండుసార్లు అప్పజెప్పించాడు. ఈ ప్రశ్నకి ఎవరూ ఏదీ నేర్పలేదు. అతని వెనకనుంచి శ్రీరామ్మూర్తి అందుకున్నాడు. ఎంత చెప్పినా వినరు మేడమ్, ఆ మనిషి మొండిది, వీడు మెతక, కాదనలేకపోయాడు అన్నాడు. ఆయన గొంతులో నిజంగానే జాలి ఉంది. ఆఫీసరు వాసు మొహంలోకి ఇంకాసేపు చూసి, రాసుకుని, జీపెక్కి వెళ్ళిపోయింది.

ఆవిడ వెళ్ళాక సాయిశంకర్ వాసు భుజం మీద చెయ్యేశాడు. కేసులో నీ పేరు రావచ్చు, కంగారు పడకు, లాయర్ని కంపెనీయే చూసుకుంటుంది, నీ పని నీకుంటుంది అన్నాడు. వాసు తలూపాడు. అందరూ హెల్మెట్లు తీసి స్టోరు గదిలో తిరిగి ఇచ్చేస్తున్నారు. ఆ వరసలో నిలబడి ఉండగా అతనికి లెక్క అర్థమయింది. బోర్డు మొదట్నుంచీ ఉందంటే ఇక తప్పు చేసినవాళ్ళు ఇద్దరే. చూసి కూడా ఎక్కిన పోతమ్మ ఒకరు. చదివి కూడా ఎక్కించిన తను ఒకడు. మిగతా అందరూ బోర్డు వెనక్కి వెళ్ళిపోయారు. అర్థమైనా అతనికి కోపం రాలేదు. తన హెల్మెట్టు ఇచ్చేసి బస్సు కోసం నడిచాడు.

పని మళ్ళీ మొదలైంది. ఆడవాళ్ళు ఇప్పుడు లిఫ్టు ఎక్కడం లేదు, మాలు తట్టలు నెత్తిన పెట్టుకుని మెట్ల మీదుగానే ఎక్కుతున్నారు. ఎక్కడం నెమ్మదిస్తే శ్రీరామ్మూర్తి కేకలేస్తున్నాడు. వాసు ఇటుకలు పంపుతున్నాడు, ఖాళీ బల్ల దించుతున్నాడు.

జోగమ్మ ఊరినుంచి తిరిగి వచ్చింది. కూలీల రేకుల షెడ్డులో అక్క వదిలివెళ్ళిన చీరల మూటా, టిఫిను డబ్బా తీసుకుంది. తీసుకుని అలాగే వెళ్ళిపోకుండా లిఫ్టు దగ్గరికి వచ్చింది. మూటని చంకన పెట్టుకుని బోర్డు వైపు చూస్తూ నిలబడింది. వాసు తల వంచుకుని ఇటుకలు పేరుస్తున్నాడు.

“వాసన్నా, ఇందులో ఏటి రాసున్నాది?”

వాసు చదివాడు. మెల్లగా, మాట మాటా విడదీసి చదివాడు.

ఆమె కాసేపు గీత కొట్టిన మనిషి బొమ్మనే చూసింది. మూర్తిగారు మా బావకి ఫోను చేసి చెప్పారంది. బోర్డు ఉన్నా వినకుండా ఎక్కిందట, కంపెనీ దయతలచి ఏదో ఇస్తుందట, గొడవ పెట్టుకోవద్దన్నారట. బావ ఊళ్ళో అడిగినవాళ్ళందరికీ అదే చెబుతున్నాడట, తప్పు దానిదేనని.

“నాకూ అప్పకీ అచ్చరం ముక్క రాదు,” అంది జోగమ్మ. “రోజూ దీని ముందర్నుంచే ఎల్లినాం. ఇదేటని ఎవుల్నైనా ఒక్క మాట అడిగుంటే అది బతికుండును. నాకైతే ఇక్కడ బోర్డున్నట్టు గేపకమే నేదు. కళ్ళెట్టుకుని సూడనేదు నాను.”

ఆమె ఏడవడం లేదు. కళ్ళు చికిలించి బోర్డుని చూస్తోంది, ఎలా చూడలేకపోయానా అని ఇప్పటికీ వెతుక్కుంటున్నట్టు. ఆ చూపు చూసి వాసు చేతిలో ఇటుక కింద పెట్టాడు.

“ఆ రోజు నేదు,” అన్నాడు.

“ఏటి?”

“బోర్డు ఆ రోజు నేదు. మీ అప్ప పోయిన మర్నాడు తెచ్చినారు. నానే కట్టినాను. పాతదానిలాగ అగుపడాలని సిమెంటు కూడా నానే పూసినాను.”

జోగమ్మ బోర్డు మీదినుంచి చూపు తిప్పి అతన్ని చూసింది. మూట చంక మార్చుకుంది.

“కేసు నీ మీదకొస్తాదని ఇప్పుడు సెబుతన్నావా?”

వాసు ఆలోచించాడు. కాదనాలని ఉంది. కానీ కాదో అవునో అతనికే తెలియదు.

“ఏమో. అది కూడా ఉంటాది,” అన్నాడు.

“ఆ మేడమ్ ముందర ఇదే మాట సెబుతావా?”

పైనుంచి ఇటుకలు ఏవని శ్రీరామ్మూర్తి అరిచాడు. వాసు పేర్చిన వరసలు సరిచూసి, మీట లాగి, బల్లని పైకి పంపాడు. పైన దించుకునేదాకా ఆగాడు. ఖాళీ బల్లని కిందికి దించి, మెయిన్ స్విచ్చి ఆపేశాడు. మేకుకి తగిలించిన చొక్కా తీసి వేసుకున్నాడు. గుండీలు పెట్టుకుంటూ, పదమ్మా అన్నాడు. పైనుంచి శ్రీరామ్మూర్తి, ఎక్కడికిరా, ఎక్కడికి అంటూనే ఉన్నాడు. వాళ్ళిద్దరూ గేటు దాటారు.

బస్సులో ఆమె ముందు సీట్లలో కూర్చుంది, అతను వెనక నిలబడ్డాడు. ఆఫీసు ఎక్కడో అతనికి సరిగా తెలియదు, దిగి ఇద్దరు ముగ్గుర్ని అడిగారు. జ్యోతిర్మయి వాళ్ళని ఎదురుగా కుర్చీల్లో కూర్చోమంది. జోగమ్మ కుర్చీ అంచున కూర్చుని మూట ఒళ్ళో పెట్టుకుంది.

వాసు బోర్డు సంగతి మొత్తం చెప్పాడు. ఆటోలో రావడం, సిమెంటు నీళ్ళు, ఇసుక, తుప్పు తీగ తనే వెతికి తేవడం, జవాబు అప్పజెప్పించుకోవడం. ఆమె ఆశ్చర్యపోలేదు.

“నాకు అనుమానం వచ్చింది,” అంది. “అనుమానాన్ని రాయలేను కదా. చూసినవాళ్ళు చెప్పాలి.”

తర్వాత జోగమ్మ వైపు తిరిగి, ఒక్కో మాటా అర్థమవుతోందా లేదా చూసుకుంటూ చెప్పింది. బోర్డు నిజంగానే ఉన్నా సరే, బోర్డు కట్టి చేతులు దులుపుకోవడానికి లేదంది. మనుషులు ఎక్కే వీలు లేకుండా లిఫ్టుకి గేటు పెట్టడం, నడవడానికి మెట్లు ఖాళీగా ఉంచడం, బ్రేకులు పరీక్ష చేయించడం, ఇవన్నీ సైటు నడిపేవాళ్ళ బాధ్యత అంది. అవి వాళ్ళు చెయ్యకుండా, చదువు రాని మనిషి చదవలేదని ఎవరూ అనడానికి వీల్లేదంది.

“అంటే మా అప్పది తప్పు కాదా?”

“కాదమ్మా.”

జోగమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఊరినుంచి వచ్చాక ఆమె భుజాలు కదలడం వాసు అప్పుడే చూశాడు. కాసేపటికి తేరుకుని, కళ్ళు తుడుచుకుని, అతని వైపు చూసింది. ఆ చూపులో అంతకుముందు లేని మెత్తదనం ఉంది. నువ్వు వచ్చావు అన్నట్టు చిన్నగా తలూపింది కూడా. ఆఫీసరు రాయడం ముగించి, సంతకం పెట్టమని కాగితం అతని వైపు తిప్పింది. పెట్టేస్తే అయిపోతుంది. వాసు పెన్ను తీసుకున్నాడు. తీసుకుని బల్ల మీద పెట్టేశాడు.

“ఇంకోటి ఉన్నాదండి,” అన్నాడు.

బ్రేకు అరిగిపోయిందని చెప్పాడు. ఒకసారి అడిగి ఊరుకున్నానని, చెక్కముక్క దోపుకుని నడిపానని, ఆ రోజు సాయంత్రమే పాత షూలు మార్చేశారని చెప్పాడు. జ్యోతిర్మయి ముందుకి వంగింది.

“ఆమె ఎక్కినప్పుడు నీకు తెలుసా, బ్రేకు బాగోలేదని?”

“తెలుసండి.”

“ఆమెకి చెప్పావా?”

“నేదండి.”

జోగమ్మ మూట రెండు చేతులా దగ్గరికి లాక్కుంది. ఇది రాస్తే నీ మీద కూడా కేసు గట్టిగా నిలుస్తుందని ఆఫీసరు హెచ్చరించింది, ఆలోచించుకొమ్మంది. రాయండి అన్నాడు వాసు. ఆఫీసరు పెన్ను కదపలేదు. రెండోసారి అనాల్సి వచ్చింది. అప్పటికి జోగమ్మ లేచి వరండాలోకి వెళ్ళిపోయింది.

అతను సంతకం పెట్టి బయటికి వచ్చేసరికి ఆమె బస్సు స్టాపులో నిలబడి ఉంది. వాసు కొంచెం దూరంగా, ఎండలోనే ఆగాడు. క్షమించమని అడగాలనిపించలేదు. అడిగితే ఆమె ఏదో ఒకటి అనాల్సి వస్తుంది. రోడ్డు మీద లారీలు వరసగా వెళ్తున్నాయి. ఇనప చువ్వలు మోసుకెళ్తున్న ఒకటి సిగ్నలు దగ్గర ఆగింది, కదిలింది.

జోగమ్మ అతని వైపు చూడకుండానే మాట్లాడింది.

“అప్పకి ముందు ట్రిప్పులో నాను ఎల్లినాను.”

వాసు అర్థం కానట్టు చూశాడు.

“లిఫ్టు నన్ను పైన దింపి, కిందికొచ్చి దాన్ని ఎక్కించుకున్నాది. మేస్త్రీలు తిడతన్నారని నానే పైనుంచి వొంగి, తొరగా రావే అప్పా అని కేకేసినాను. మెట్లెక్కి వస్తానన్నాది. వొద్దు, లిఫ్టెక్కియ్యే అన్నాను.” మూట ముడి బిగించింది. “ఇది మా బావకి కూడా సెప్పనేదు.”

గోపాలపట్నం బస్సు వచ్చి నిలిచింది. జోగమ్మ ముందు గుమ్మంలో మూట పెట్టి, తనూ ఎక్కింది. కిటికీ పక్కన కూర్చుంది కానీ బయటికి చూడలేదు. బస్సు వెళ్ళిపోయింది.

వాసు ఆ ముందు ట్రిప్పుని గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. బల్ల మీద జోగమ్మ ఎటు తిరిగి నిలబడింది, తట్టలు ఎన్ని ఉన్నాయి, తను ఆమె మొహం చూశాడా, చెక్కముక్క దోపాడా. ఎంత వెతికినా ఏదీ కనబడలేదు. వందల ట్రిప్పుల్లో అదీ ఒకటి. మీట లాగాడు, మనిషి పైకి వెళ్ళింది, దిగింది, బతికింది. అతనికి గుర్తు లేదు. వాసు స్టాపు అరుగు మీద కూర్చున్నాడు. రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. బస్సు కోసం వచ్చినవాళ్ళు అతన్ని చూసి, కాస్త జరిగి నిలబడ్డారు.